తండ్రి జైలుకెళ్లాక మేనల్లుడి తీరు మారిపోయింది, ఏం చేయాలి? ఒక కౌన్సెలర్ సమాధానం

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. డబ్బు మోసం కేసులో మీ బావగారికి మూడేళ్ల శిక్ష పడి ఏడు నెలలైంది. అక్కగారినీ పిల్లలిద్దరినీ మీరు మీ ఇంటికి తెచ్చుకున్నారు. పదిహేనేళ్ల మేనల్లుడు అంతకుముందు నెమ్మదస్తుడు. ఇప్పుడు స్కూల్లో కొట్లాటలు, నెలలో నాలుగైదు రోజులు క్లాసులు ఎగ్గొట్టడం, తల్లి మీద అరుపులు, మొన్న మీ పర్సులోంచి డబ్బు తీయడం. ములాఖత్‌కి రమ్మంటే రాడు. పదకొండేళ్ల మేనకోడలికి మాత్రం నాన్న పని మీద దూరం వెళ్లాడని చెప్పారు. ఆ పిల్లతో ఏ గొడవా లేదు, బంగారం అన్నారు. మీ అమ్మగారేమో అబ్బాయిని చూసి 'అచ్చం తండ్రి పోలికే' అంటున్నారు. వాడూ అదే దారి పడతాడా, బలవంతంగానైనా ములాఖత్‌కి తీసుకెళ్లాలా, హాస్టల్లో వేస్తే నయమా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఈ వయసు పిల్లలతో పని చేస్తున్నాను. ఇంట్లో ఎవరో ఒకరు జైల్లో ఉన్న పిల్లలు వాళ్లలో తక్కువేం కాదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. మీరు మేనల్లుడి గురించి అడిగారు గానీ, చదువుతుంటే నాకు మేనకోడలి గురించే ఎక్కువ కంగారుగా అనిపించింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ అసలు భయం. దీని మీద పరిశోధన బాగానే జరిగింది. దక్షిణ లండన్‌లో 1961లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, ఎనిమిది తొమ్మిదేళ్ల వయసున్న 411 మంది అబ్బాయిలను దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. జోసెఫ్ ముర్రే, డేవిడ్ ఫారింగ్టన్ అనే పరిశోధకులు 2005లో ఆ వివరాలతో ఒక పోలిక తీశారు. పదేళ్లు నిండేలోపు తల్లో తండ్రో జైలుకెళ్లడం వల్ల దూరమైన పిల్లలను, అనారోగ్యం, మరణం, విడిపోవడం లాంటి కారణాల వల్ల దూరమైన పిల్లలతో పోల్చి చూశారు. జైలు వల్ల దూరమైనవాళ్లలో తర్వాతి కాలంలో గొడవలు, నేరాలు ఎక్కువ కనిపించాయి. అంటే తండ్రి ఇంట్లో లేకపోవడం ఒక్కటే కారణం కాదు, జైలు వల్ల లేకపోవడంలో వేరే ఏదో ఉంది.

అదేమిటో తెలియాలంటే 2007లో వచ్చిన ఇంకో పోలిక చూడాలి. 1953లో పుట్టిన స్టాక్‌హోం పిల్లల వివరాలను ఈ లండన్ పిల్లల వివరాలతో పక్కపక్కన పెట్టి చూశారు. తల్లిదండ్రులకు నేర చరిత్ర ఉన్న ఇళ్ల పిల్లలకు ముప్పు రెండు చోట్లా ఉంది. దాని పైన జైలు వేసే అదనపు బరువు మాత్రం లండన్‌లో కనిపించింది, స్టాక్‌హోంలో కనిపించలేదు. శిక్షలు చిన్నవి కావడం, కుటుంబాలు వచ్చి కలవడానికి అనువుగా జైళ్లు ఉండడం, సంక్షేమం బాగా అందడం, జనం కాస్త సానుభూతితో చూడడం, ఇవి కారణాలు కావచ్చని ఆ పరిశోధకులు రాశారు. ఆ వరసలో చివరిది ఇంకోసారి చదవండి. మొదటి మూడూ మన చేతిలో లేవు. చివరిది ఇంట్లో నుంచే మొదలవుతుంది.

2012లో ఇలాంటి 40 అధ్యయనాలను కలిపి లెక్క తీసినప్పుడు కూడా, తల్లిదండ్రులు జైలుకెళ్లిన పిల్లల్లో కొట్లాటలు, నియమాలు మీరడం లాంటివి కొంత ఎక్కువ అని తేలింది. మానసిక జబ్బులు, మత్తు పదార్థాలు, చదువు విషయంలో మాత్రం, మిగతా పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకున్నాక, సగటున పెద్ద తేడా కనపడలేదు. కాబట్టి మీ మేనల్లుడు చేస్తున్నది ఊహించని వింతేమీ కాదు. ఇదంతా వేలమంది సగటు. ఒక్క పిల్లాడి భవిష్యత్తు అందులోంచి చదవలేం. తండ్రి జైల్లో ఉండగా ఇంతకంటే ఎక్కువ గొడవ చేసి, తర్వాత శుభ్రంగా చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లను నేను చూశాను.

అందుకే 'తండ్రి పోలికే' అన్న మాట ఈ రోజు నుంచి ఇంట్లో వినపడకూడదు. మీ అమ్మగారు బాధతో అంటున్నారు, నాకు అర్థమవుతుంది. ఆవిడ కూతురి కాపురం ఇలా అయిందన్న కడుపుమంట అది. అయినా ఆ మాట ఆ అబ్బాయి చెవిలో ఇంకోలా పడుతుంది. నేను మా నాన్నలాంటివాణ్ణేనా అని ఈ వయసులో ఏ పిల్లాడైనా తనను తాను అడుక్కుంటాడు. మామూలు ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబు తండ్రితో పోట్లాడి తేల్చుకుంటారు. జుట్టు దగ్గర, చదువు దగ్గర, స్నేహితుల దగ్గర తండ్రితో వాదించి, ఇక్కడిదాకా నువ్వు, ఇక్కడి నుంచి నేను అని గీత గీసుకుంటారు. మీ వాడికి వాదించడానికి తండ్రి ఎదురుగా లేడు. ఆ జవాబు అమ్మమ్మ చెప్పేసింది. ఎలాగూ అదే అంటున్నారు కదా అని పిల్లలు ఆ మాటకు తగ్గట్టు నడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక ఆ కోపం సంగతి. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు, మనిషి బతికే ఉండి మన మధ్య లేకపోవడం వల్ల కలిగే దుఃఖం గురించి 1970ల నుంచి రాస్తూ వచ్చారు. చనిపోతే ఏడ్చి, కర్మకాండలు చేసి, ఎప్పటికో తేరుకుంటాం. ఇక్కడ ఆ అవకాశం లేదు. నాన్న ఉన్నాడు, లేడు. వస్తాడు, ఎప్పుడో. అప్పీల్ వేశారట, ఏమవుతుందో. మనసు ఒక చోట కుదురుకోదు. దీనికి తోడు, చావు ఇంటికి పది మంది వస్తారు, జైలు కబురు విన్నాక రోజూ వచ్చేవాళ్లు కూడా రావడం మానేస్తారు. బయటికి చెప్పుకునే హక్కు లేని దుఃఖం గురించి కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకమే తెచ్చారు. ఆ దుఃఖం ఏడుపుగా బయటికి రాలేనప్పుడు, ముఖ్యంగా మగపిల్లల్లో, చిరాకుగా వస్తుంది. తండ్రి మీద ప్రేమ, పట్టరాని కోపం, ఆ కోపం వచ్చినందుకు సిగ్గు, మూడూ ఒకేసారి ఉంటాయి. తండ్రి మీద అరవడానికి లేదు. బయట అరిస్తే జనం అడుగుతారు. ఎంత అరిచినా వదిలిపెట్టి పోని మనిషి అమ్మ ఒక్కతే. అందుకే అరుపులన్నీ ఆవిడ మీదే. అక్కగారికి ఈ మాట చెప్పండి. బాధ తగ్గదు గానీ, 'నేనేం పాపం చేశాను' అన్న ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. అలాగని అరుపులు భరించమనడం లేదు. 'నీ కోపం నాకు తెలుసు, ఈ మాటలు మాత్రం వద్దు, కాసేపు ఆగి వస్తాను' అని ఆవిడ గదిలోంచి బయటికి వచ్చేయవచ్చు.

నా అనుభవంలో, ఈ పిల్లలను అన్నిటికంటే ఎక్కువ అలిసిపోయేలా చేసేది వేరే ఉంది. అది రహస్యం. తండ్రి లేకపోవడం రాత్రి గుర్తొస్తుంది. రహస్యాన్ని పగలంతా కాపలా కాయాలి. కొత్త స్కూలు ఫారంలో 'తండ్రి వృత్తి' అన్న గడి దగ్గర ఒక అబ్బాయి పెన్ను పట్టుకుని అలా ఆగిపోవడం చూశాను. పాత ఉద్యోగం రాస్తే అబద్ధం, గీత పెడితే టీచర్ అడుగుతారు, ఖాళీ వదిలితే పక్కవాడు చూస్తాడు. చివరికి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పోయిందని చెప్పాడు. టీచర్ దృష్టిలో అది నిర్లక్ష్యం. ఇలాంటివి రోజుకు నాలుగైదు వస్తాయి. మీ నాన్న ఏం చేస్తారు, మీటింగ్‌కి ఎవరొస్తున్నారు, ఇల్లెందుకు మారారు. ఒకరికి చెప్పిన అబద్ధం ఇంకొకరి దగ్గర గుర్తుపెట్టుకోవాలి. వార్తలో తండ్రి పేరు వచ్చి ఉంటే, రాత్రిపూట ఫోన్లో ఆ పేరు కొట్టి చూసుకుంటారు, క్లాసులో ఎవరైనా కొట్టి చూశారేమోనని భయపడతారు. పిల్లలు స్నేహితుల గ్రూపుల్లోంచి బయటికి వచ్చేయడం, ఆటలు మానేయడం, ఇంటికి ఎవరినీ రానివ్వకపోవడం ఇందుకే. కాపలా కాసేవాడికి ఎప్పుడూ టెన్షనే. వెనక ఎవరో నవ్వినా అది తన గురించే అనుకుంటాడు. సగం కొట్లాటలు అక్కడ మొదలవుతాయి.

కాబట్టి రెండు మూడు వారాలు ఒక పని చేయండి. క్యాలెండర్ మీద, అబ్బాయికి కనపడనక్కర్లేదు, గొడవ జరిగిన రోజు, స్కూలు ఎగ్గొట్టిన రోజు గుర్తు పెట్టండి. కోర్టు వాయిదాలు, ములాఖత్‌లు, జైలు నుంచి ఫోన్ వచ్చిన రోజులు, స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులు, పుట్టినరోజులు వేరే రంగుతో రాయండి. రెండు రంగులూ ఎంత దగ్గరగా పడతాయో చూస్తే ఆశ్చర్యపోతారు. అప్పుడు 'వీడు చెడిపోతున్నాడు' అన్న పెద్ద మాట పోయి 'ఫోన్ వచ్చిన మర్నాడు వీడికి కష్టంగా ఉంటోంది' అన్న చిన్న మాట మిగులుతుంది. దాని గురించి ఏదైనా చేయగలం.

రహస్యం బరువు తగ్గించాలంటే ఊరంతా చాటక్కర్లేదు. అబ్బాయికి నోట్లో పెట్టుకోవడానికి ఒక వాక్యం కావాలి. అబద్ధం కాని, వివరాలు లేని వాక్యం. 'మా నాన్న కొన్నాళ్లు ఇంట్లో ఉండరు. దాని గురించి మాట్లాడాలని లేదు.' అంతే. పరిచయస్తులకు ఇది చాలు. 'జైల్లో ఉన్నాడటగా?' అని ఎవడైనా మొహం మీదే అడిగితే, 'అవును. అయితే?' అని చెప్పి పక్కకు వెళ్లిపోవడం. నమ్మకమైన ఒకరిద్దరు స్నేహితులకు నిజం చెప్పాలా వద్దా, ఎంత చెప్పాలి అన్నది పూర్తిగా అబ్బాయి ఇష్టం, మీరు సలహా కూడా ఇవ్వకండి. ఈ వాక్యాలను ఇంట్లో మీరే ఎదుటివాడిలా అడుగుతూ బయటికి అనిపించి చూడండి. మొదట నవ్వులాటగా ఉంటుంది, తర్వాత పని చేస్తుంది. జవాబు సిద్ధంగా ఉన్న పిల్లాడు చేయి లేపే అవసరం తగ్గుతుంది. ముఖ్యమైన షరతు ఒకటుంది. ఇంట్లో అందరూ అదే వాక్యం చెప్పాలి. అబ్బాయి ఒకటి చెబితే, అమ్మమ్మ పక్కింట్లో 'అల్లుడు విదేశాల్లో ఉన్నాడు' అంటే, ఆ పిల్లాడు మళ్లీ కాపలాకు నిలబడాల్సిందే.

డబ్బు తీసిన విషయం వదిలేయమని చెప్పను. అడగండి, అయితే 'ఎందుకు తీశావు' కంటే 'దేనికి కావాల్సి వచ్చింది' అని అడగండి. సిగరెట్లకు కావచ్చు, నోరు విప్పకుండా ఉండడానికి ఎవడో బెదిరించి గుంజుతున్నాడేమో కావచ్చు, అమ్మను అడగలేక స్కూలు ఖర్చుకు కావచ్చు. మూడింటికీ మందు వేరు. తీసిన డబ్బు పని చేసో, పాకెట్ మనీలోంచో తిరిగి ఇవ్వాలి. అక్కడితో ఆ విషయం ముగిసిపోవాలి. తండ్రిది డబ్బు కేసు కాబట్టి మీ ఇంట్లో ఈ చిన్న దొంగతనం పెద్దగా కనిపిస్తోంది. ఈ రెండింటినీ కలిపి ఒక్క మాట కూడా అనకండి.

ఇంకొకటి. 'ఇక ఇంటికి నువ్వే మగదిక్కు' అని ఎవరైనా అన్నారా? దాదాపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక పెద్దాయన ఓదార్పుగా అనుకుని ఈ మాట అంటాడు. పదిహేనేళ్లవాడికి అది ఓదార్పు కాదు. అప్పులు, తల్లి కన్నీళ్లు, చెల్లెలి బాధ్యత అన్నీ మోయాలి అనుకుంటాడు, మోయలేక స్కూలు పనికిరానిదిగా కనిపిస్తుంది. కొందరు చదువు మానేసి పనికి వెళ్తామంటారు. పైగా అలా పెద్దరికం ఇచ్చేశాక, 'తొమ్మిదింటికల్లా ఇంటికి రా' అంటే ఎందుకు వింటాడు? మగదిక్కు పని మీరు చేస్తున్నారు కదా. ఆ మాట అబ్బాయికి నేరుగా చెప్పండి: 'డబ్బు సంగతి, కోర్టు సంగతి నేనూ అమ్మా చూసుకుంటాం. నీ పని చదువు, ఆట.' వాయిదా ఎప్పుడు, అప్పీల్ ఏమైంది అన్నవి మాత్రం అడిగినప్పుడు దాచకుండా చెప్పండి. తెలుసుకునే హక్కు వేరు, మోయాల్సిన బాధ్యత వేరు.

ఇప్పుడు మేనకోడలు. గొడవ చేసే పిల్లాడి మీదే ఇంటిల్లిపాది కళ్లూ ఉంటాయి. మాట్లాడకుండా మార్కులు తెచ్చుకునే పిల్లను చూసి, ఇదైనా బాగుంది అని ఊపిరి పీల్చుకుంటారు. పదకొండేళ్ల పిల్లకు తెలియదనుకోకండి. ఇల్లు మారింది, అమ్మ ఏడుస్తోంది, అన్న తలుపులు విసిరికొడుతున్నాడు, తను గదిలోకి రాగానే మాటలు ఆగిపోతున్నాయి. తనకు చెప్పట్లేదు కాబట్టి అడగకూడదని అర్థం చేసుకుంది, అంతే. ఈ వయసు పిల్లలు ఖాళీని ఊహతో నింపుకుంటారు, ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది. నాన్న చచ్చిపోయాడేమో, నా వల్లే వెళ్లిపోయాడేమో, నేను ఇంకా మంచిగా ఉంటే వస్తాడేమో. చివరిది ఉన్న పిల్లలు అతి బుద్ధిమంతులైపోతారు. తరచూ కడుపునొప్పి, తలనొప్పి అనడం, నిద్రలో ఉలిక్కిపడడం, అమ్మ బయటికి వెళ్తే తిరిగొచ్చేదాకా గుమ్మం దగ్గరే ఉండడం లాంటివి ఉన్నాయేమో చూడండి.

ఆ పాపకు నిజం చెప్పాలి. ఈ వారంలోనే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో తొమ్మిదో అధికరణం ఈ విషయమే చెబుతుంది. ప్రభుత్వం తల్లినో తండ్రినో నిర్బంధించినప్పుడు, అడిగితే వాళ్లు ఎక్కడున్నారో చెప్పాలి, ఆ సమాచారం పిల్లలకు హాని చేసేదైతే తప్ప. అది ప్రభుత్వాల గురించి రాసిన మాట, ఇళ్లకు కూడా సరిపోతుంది. చెప్పాల్సింది అక్కగారు, మీరు పక్కన ఉండండి. రాత్రి పడుకునే ముందు వద్దు, మర్నాడు స్కూలు లేని రోజు పొద్దున చెప్పండి. 'నాన్న పని మీద వెళ్లాడని చెప్పాం. అది నిజం కాదు. నీకు బాధ కలుగుతుందని అలా చెప్పాం, అలా చెప్పి ఉండాల్సింది కాదు. నాన్న డబ్బు విషయంలో చట్టం ఒప్పుకోని పని చేశారు. అందుకు జడ్జి శిక్ష వేశారు. ఇప్పుడు జైల్లో ఉన్నారు. అక్కడ తిండి పెడతారు, జబ్బు చేస్తే డాక్టర్ చూస్తారు. ఇది నీ వల్ల జరగలేదు, నీ చేతిలో లేదు. నువ్వు నాన్నను ప్రేమించవచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, రెండూ చేయవచ్చు.' ఇంతకంటే ఎక్కువ వద్దు. తర్వాత అడిగినదానికి అడిగినంత చెప్పండి. 'నాన్న తప్పేం లేదు, ఇరికించారు' అని మాత్రం, కోర్టు శిక్ష వేసిన కేసులో, పిల్లలకు చెప్పకండి. మీకు అలా అనిపించినా సరే, 'అప్పీల్ వేశాం, కోర్టు మళ్లీ చూస్తుంది' అనండి. పిల్లలు రేపు తీర్పు చదువుకోగలరు.

ఈ పని మీ మేనల్లుడికీ ఉపశమనమే. ఇంట్లో చెల్లెలి దగ్గర కూడా నటించాల్సిన అవసరం తీరిపోతుంది.

ములాఖత్‌కి బలవంతంగా తీసుకెళ్లకండి. కలుసుకోవడం మంచిదా కాదా అని చూసిన అధ్యయనాలు ఒకే మాట చెప్పవు, ఎందుకంటే అంతా ఎలా కలుస్తారన్నదాని మీద ఉంటుంది. ముందే చెప్పి సిద్ధం చేసి, కాస్త మనుషుల్లా కూర్చుని మాట్లాడుకునే చోట అయితే మేలు జరుగుతుంది. గంటల కొద్దీ వరసలో నిలబెట్టి, ఒళ్లంతా తడిమి, అద్దం వెనక అరుచుకుంటూ మాట్లాడేదైతే పిల్లలు బెదిరిపోతారు. అబ్బాయి 'రాను' అంటే చాలాసార్లు 'నాన్నను అలా చూడలేను' అని అర్థం. 'రాకపోయినా పర్లేదు. ఏం అడగాలనుందో, ఏం తిట్టాలనుందో రాసి ఇవ్వు, పంపేది లేనిది తర్వాత చూద్దాం' అనండి. ఉత్తరం మంచి మొదలు, మధ్యలో ఆపవచ్చు, చింపేయవచ్చు. ఎప్పుడైనా వస్తానంటే అక్కడ ఏం ఉంటుందో ముందే పూసగుచ్చినట్టు చెప్పండి: ఎంతసేపు వేచి ఉండాలి, ఎలా తనిఖీ చేస్తారు, మధ్యలో అద్దం ఉంటుందా, నాన్న చిక్కిపోయి ఉంటారా, ఎన్ని నిమిషాలు ఉంటాయి. బయటికి వచ్చాక 'నాన్న ఏమన్నారు' అని గుచ్చి గుచ్చి అడగకండి. తర్వాత ఒకటి రెండు రోజులు చిరాకు పెరుగుతుంది. అది చూసి ములాఖత్ మాన్పించేవాళ్లు చాలామంది, తొందరపడకండి, రెండు రోజుల్లో దిగిపోతుందా లేదా అన్నదే చూడండి.

ఇదంతా, మీ బావగారు ఇంట్లో చేయి చేసుకునే మనిషి కాదనుకుని రాశాను. ఆయన కొట్టేవారైతే పిల్లలకు ఆయన లేకపోవడం ఊరట కూడా కావచ్చు, అప్పుడు కలవమని నెమ్మదిగా కూడా ఒత్తిడి చేయకూడదు.

బావగారితో మీరు మాట్లాడాల్సింది ఒకటి ఉంది. జైలు నుంచి తండ్రులు సాధారణంగా 'అమ్మను జాగ్రత్తగా చూసుకో, బాగా చదువు, నా పరువు నిలబెట్టు' అని రాస్తారు. ప్రేమతోనే రాస్తారు. ఆ పిల్లాడికి అది మండుతుంది. ఆయన రాయాల్సింది: 'తప్పు నాది. దాని ఫలితం నువ్వు అనుభవిస్తున్నావని నాకు తెలుసు. నీకు కోపం ఉండడం న్యాయమే. జవాబు రాయకపోయినా నేను రాస్తూ ఉంటాను.' ఆ తర్వాత మామూలు సంగతులు. ఇలాంటి ఉత్తరం నెలకొకటి వచ్చినా, చదవనట్టు నటిస్తూ పిల్లలు దాచుకుంటారు.

స్కూలు విషయంలో జాగ్రత్తగా ఉండాలి. చెప్పకపోతే టీచర్లకు పొగరుబోతుగా కనపడతాడు. అందరికీ చెబితే ఇంకో ప్రమాదం. 2010లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, క్లాసులో కొత్తగా చేరిన ఊహాజనిత విద్యార్థి గురించి టీచర్లకు రాసిచ్చి, అంచనా వేయమన్నారు. తల్లి జైల్లో ఉందని చదివిన టీచర్లు, తల్లి వేరే కారణంతో దూరంగా ఉందని చదివినవాళ్ల కంటే ఆ పిల్లను తక్కువ అంచనా వేశారు. దుర్మార్గులై కాదు, తెలియకుండానే అలా జరుగుతుంది. అందుకని ఒకే ఒక్కరిని ఎంచుకోండి, ఎవరన్నది అబ్బాయే చెప్పాలి. క్లాస్ టీచరే కానక్కర్లేదు, ఆటల మాస్టారు కావచ్చు. ఆయనకు కేసు వివరాలు వద్దు. 'తండ్రి జైల్లో ఉన్నారు. దీని గురించి ఎవరైనా వెక్కిరిస్తే వాడు మీ దగ్గరికి రావచ్చా? కొట్లాట అయితే శిక్ష వేసే ముందు ఏమన్నారో ఒకసారి అడుగుతారా?' అని రెండే కోరండి.

హాస్టల్ వద్దు. తండ్రి పోయాడు, ఇల్లు పోయింది, ఇప్పుడు అమ్మ కూడా పంపించేసింది అన్నట్టు ఉంటుంది అబ్బాయికి. హాస్టల్లో రహస్యం కాపలా రాత్రి కూడా కాయాలి. తానే అడిగితే తప్ప ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ఈ ఫోరమ్‌లో ఇదే సమస్యతో, కాకపోతే అన్న జైలుకెళ్లిన ఇళ్ల నుంచి, రాసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట: 1998లో వచ్చిన ప్రసిద్ధమైన అమెరికన్ అధ్యయనం బాల్యంలో దెబ్బతీసే అనుభవాలను లెక్కపెట్టినప్పుడు, తల్లిదండ్రులనే కాదు, ఇంట్లో ఉండే ఎవరు జైలుకెళ్లినా లెక్కలోకి తీసుకుంది. అన్న విషయంలో తమ్ముళ్లకు ఒక అదనపు చిక్కు ఉంటుంది. అన్నను హీరోగా చూస్తూ పెరిగి ఉంటారు, పైగా అన్న స్నేహితులు ఇంకా బయట ఉంటారు. వాళ్లు 'నువ్వు మావాడివి' అని దగ్గరికి తీసుకుంటే, అందరూ దూరం పెట్టిన పిల్లాడికి అదే పెద్ద గౌరవంగా కనిపిస్తుంది. అక్కడ స్నేహాల మీద కన్ను ఎక్కువ ఉంచాలి.

ఇంట్లో సర్దుకుంటే చాలదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే అనే గుర్తులు కొన్ని ఉన్నాయి. బతకాలని లేదనడం, ఒంటి మీద కోసుకున్న గీతలు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, వారాల తరబడి సరిగ్గా నిద్ర పట్టకపోవడం, మత్తు లేకుండా రోజు గడవకపోవడం, చెల్లెలినో అమ్మనో కొట్టడం. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యసహాయం తీసుకోండి.

మీ పాత్ర గురించి. మేనమామ ఈ స్థితిలో మంచి చోట ఉంటాడు, తండ్రి కాడు, పరాయివాడూ కాడు. ఎదురుగా కూర్చోబెట్టి 'నీతో మాట్లాడాలి' అనకండి. బండి మీద వెళ్తున్నప్పుడో, ఏదైనా రిపేరు చేస్తున్నప్పుడో ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేని సమయంలో పిల్లలు నోరు విప్పుతారు. తండ్రిని తిడితే సమర్థించకండి, వంత పాడకండి. మీకు బావగారి మీద ఎంత కోపం ఉన్నా దాన్ని ఈ పిల్లాడి ముందు వెళ్లగక్కకూడదు, ఇది అన్నిటికంటే కష్టమైన పని అని నాకు తెలుసు. అక్కగారి నిద్ర, ఆరోగ్యం కూడా మీరే కనిపెట్టాలి. ఇంట్లో మిగిలిన ఆ ఒక్క మనిషి నిలబడి ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఈ పిల్లలిద్దరూ నిలదొక్కుకుంటారు.

విడుదల తర్వాతి సంగతి ఇప్పుడే ఎందుకనిపించవచ్చు, కానీ చాలా ఇళ్లలో అసలు గొడవ అప్పుడే మొదలవుతుంది. ఆయన పదిహేనేళ్ల కొడుకును వదిలి వెళ్లారు, వచ్చేసరికి మీసాలొచ్చిన యువకుడు ఉంటాడు. వచ్చిన వారంలోనే 'ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో' అని పెత్తనం మొదలుపెడితే, 'ఇన్నాళ్లూ ఎక్కడున్నావు' అన్న జవాబే వస్తుంది. అందుకని మొదటి కొన్ని నెలలు నియమాలు అక్కగారే పెడతారని, ఆయన పక్కన ఉంటారు గానీ శిక్షలు వేయరని, ఈ మాట ఇప్పటి ములాఖత్‌లలోనే ఆయనతో ఒప్పించుకోవడం మొదలుపెట్టండి. ఒప్పుకోవడానికి ఆయనకూ కొంత సమయం పడుతుంది.

పాపకు చెప్పాక ఏం అడిగిందో, క్యాలెండర్లో ఏం కనిపించిందో ఇక్కడే రాయండి. హాస్టల్ ఫారం నింపి ఉంటే వెనక్కి తీసుకోండి.